జారుముడి

తూర్పు గోడ మీదికి ఎండ పాకకముందే నీడమ్మ మొదటి కిటికీ రెక్క దగ్గరికి లాగింది. రెక్క పిడికి గుడ్డపేలిక ఒక చుట్టు చుట్టి, ఊచ వెనకనుంచి తెచ్చి, జారుముడి వేసి, మిగిలిన కొసని కిందికి వదిలేసింది. గడియ పక్కనే ఉంది. బాగానే పనిచేస్తుంది కూడా. దాని వంక చూడనైనా లేదు. ముడి వేశాక వెంటనే కదలకుండా, రెక్కకి చెవి ఆనించి, అవతల ఎవరో గీరుతున్నట్టు, కళ్ళు మూసుకుని కాసేపు విన్నది. ఏమీ వినబడలేదు. అప్పుడు రెండో కిటికీ దగ్గరికి నడిచింది.

ఆమె పని అదే. ఆ వీధిలో మొగుడూ పెళ్ళాం ఇద్దరూ పనికి పోయే ఇళ్ళు కొన్ని, ఒంటిగా బతికేవాళ్ళ ఇళ్ళు కొన్ని ఉన్నాయి. ఎండాకాలంలో పొద్దున తాళం వేసుకుని పోతే సాయంత్రానికి ఇల్లు కాలిన పెనంలా ఉండేది. ఫ్యాను వేస్తే ఉన్న వేడినే కలియబెట్టి నెత్తిన పోసేది. వాళ్ళంతా మారు తాళంచెవులు ఈమె చేతిలో పెట్టారు. రాత్రి ఇంట్లో చేరిన చల్లదనాన్ని పగలంతా పోకుండా కాపలా కాయడమే ఆమె చేసేది. ఎండ తూర్పున ఉంటే తూర్పు కిటికీలు, నడినెత్తికొస్తే దక్షిణపువి, వాలితే పడమటివి, సూర్యుడికంటే ఒక్క అడుగు ముందు నడుస్తూ ఒక్కొక్కటే మూస్తుంది. గాలి వచ్చే వైపు మాత్రం తడిపిన దుప్పటి వేలాడదీస్తుంది. గాలి ఆడని గదిలో తడిబట్ట కడితే చల్లదనం రాదు, ఉక్క వస్తుంది. పొద్దు వాలాక ముందు పైనున్న వెంటిలేటర్లు తెరుస్తుంది, తర్వాతే కిటికీలు. వేడి పైకి పోవాలి, దాని వెనకాల చల్లగాలి లోపలికి రావాలి. ముందు కిటికీలు తీస్తే ఆ రెండూ గుమ్మంలో గుద్దుకుంటాయి అంటుంది.

అసలు పేరు వేరే ఉంది. ఎవరో సరదాకి నీడమ్మ అన్నారు, అదే ఖాయమైపోయింది. అరవై దాటిన మనిషి. సన్నగా, పొట్టిగా, ఎండిన చిక్కుడుకాయలా ఉంటుంది. తాళంచెవుల గుత్తీ, గుడ్డపేలికలూ, నీళ్ళ సీసా ఉన్న సంచీ ఎప్పుడూ ఎడమ భుజాన మోసీ మోసీ ఆ భుజం కిందికి జారిపోయింది. నెత్తిన తడి తువ్వాలు. చూపు ఎప్పుడూ మనిషి మొహం మీద ఉండదు, మనిషి వెనకాల గోడ మీద ఎండ ఎక్కడిదాకా వచ్చిందో అక్కడ ఉంటుంది.

ఆ ఇళ్ళలో ఒకటి బేకరీ మనిషిది. రాత్రంతా పొయ్యి ముందు నిలబడి రొట్టెలు కాల్చి, తెల్లారి వచ్చి పడుకుంటాడు. ముప్పై ఏళ్ళుంటాయి, పెళ్ళి కాలేదు, పడుకున్నాడంటే పక్కన పిడుగు పడ్డా లేవడు. ఆమె పిల్లిలా తిరుగుతూ కిటికీలు కట్టి, పోయేముందు మంచం దగ్గర ఆగి అతని ఊపిరి వింటుంది. ఒకసారి అతను కన్ను తెరిచేసరికి మొహానికి బెత్తెడు దూరంలో ముసలి చెవి ఒకటి కనబడింది. వేసిన కేకకి వీధి వీధంతా పోగయింది. అప్పటినుంచి అతను కనబడినప్పుడల్లా అడుగుతాడు.

"ఏం పిన్నీ, ఇవాళ బతికే ఉన్నానా?"

"ఉన్నావులే, గురక మాత్రం తగ్గించు," అంటుంది ఆమె. అందరూ నవ్వుతారు. ఆమె నవ్వదు.

పేలికల సంగతి కూడా వీధికి వేళాకోళమే. నిక్షేపంలాంటి గడియలుండగా గుడ్డముక్కలతో కడుతుందేమిటని మొదట్లో అందరూ అడిగారు. గడియలు ఎండకి బిగుసుకుపోతాయి అని ఒకరికీ, చప్పుడవుతుంది అని ఇంకొకరికీ చెప్పింది. పని బాగా చేస్తుంది కాబట్టి ఎవరూ రెట్టించలేదు. ఆ పేలికలన్నీ ఒకే దుప్పటిలోంచి చింపినవని ఎవరూ గమనించలేదు. నీలం గళ్ళ దుప్పటి. ఏడాదికి కొంచెం చొప్పున చింపుతూ వచ్చింది. ఇప్పుడిక చేటంత ముక్క మిగిలింది.

వీధి చివర, బేకరీ మనిషి ఇంటిని ఆనుకునే కాంపౌండరు గారి ఇల్లు. ఆయన ఆసుపత్రికీ, ఆయన భార్య ఆఫీసుకీ పోతారు. పగలు ఇంట్లో ఉండేది ఆయన తల్లి ఒక్కతే. నడుము కింద పడిపోయి మూడో ఏడు. కాళ్ళు పడ్డాయి గానీ చేతులు ఆడతాయి, నోరు రెండింతలు ఆడుతుంది. నీడమ్మ ఆ ఇంటికి ఎప్పుడూ ఆఖరున వెళుతుంది, ఎందుకంటే అక్కడ ఎక్కువసేపు ఉండాలనిపిస్తుంది, ఉండాలంటే భయం కూడా వేస్తుంది. కిటికీలు మూశాక ఆ గదిలో చీకటి పరుచుకుని, మంచం మీద మనిషి ఆకారం మాత్రం మసకగా మిగిలినప్పుడు, అది ఈ ముసలమ్మేనా అని ఆమెకి ఒక్క క్షణం అనుమానం వస్తుంది. అందుకే ఏదో ఒకటి మాట్లాడిస్తుంది. ఈవిడ గొంతు వినబడితే అప్పుడు కుదుటపడుతుంది.

ఆవేళ ఆమె వెళ్ళేసరికి వడ్రంగి పని ముగించి సామాను సర్దుకుంటున్నాడు. కిందటి వారం గాలిదుమారానికి జారుముడి ఊడి, రెక్క గోడకి కొట్టుకుని అద్దం పగిలింది. కొత్త నల్ల అద్దం, కొత్త స్టీలు గడియ. నూనె ఇంకా కారుతోంది. కాంపౌండరు గారి భార్య చెప్పులు వేసుకుంటూ, నీడమ్మా, ఇక పేలికలు వద్దు, గడియే వెయ్యి, మళ్ళీ దుమారం వస్తే అద్దంముక్క అత్తయ్య మీద పడుతుంది, అని చెప్పింది. కోపంగా కాదు, మర్యాదగానే. చెప్పింది న్యాయమే. నీడమ్మ సరేనమ్మా అంది.

వాళ్ళు వెళ్ళిపోయాక గడియ ముందు నిలబడింది. మంచం మీదనుంచి ముసలమ్మ చూస్తూనే ఉంది.

"ఏమే, పెళ్ళిచూపులా? అంతసేపు చూస్తున్నావు."

"కొత్తది కదా మామ్మగారూ."

"కొత్తదే మంచిది. నీ పేలిక తోక నా దిండు మీదికి వదులుతావు. దూడని గుంజకి కట్టేసినట్టుంటుంది నాకు."

ముసలమ్మకి మాట తోస్తే ఆగదు. నీకు అత్త ఉండేదా, బాగా చూసుకున్నావా అని అడిగింది. నీడమ్మ ఆఁ అంది. ఎలా పోయింది అంటే, ఎండాకాలంలో అంది. మరి ఏడ్చావా అని అడిగి, జవాబు కోసం ఆగకుండా ముసలమ్మే అందుకుంది.

"అత్త చచ్చిన ఆర్నెల్లకి కోడలి కంట నీరు కారిందట. నువ్వు ఏ నెలలో ఏడ్చావు?"

అని పడీపడీ నవ్వింది. నీడమ్మ కిటికీ వైపు తిరిగి నిలబడింది. ఆ తర్వాత చేతులు ఏం చేశాయో ఆమెకి తెలియదు.

ఎండ నడినెత్తికొచ్చేసరికి నీడమ్మ, పడమటి కిటికీలు కూడా ముందే కట్టేసి, ఇల్లు చేరింది. వీధి దాటి, పెద్ద రోడ్డు దాటి, గోడౌన్ల వెనక రేకుల వరస. అందులో ఒక గది. ఆ గదికి ఉన్న ఒక్క కిటికీ ఏళ్ళ తరబడి మూసుకున్నది లేదు. వానొచ్చినా తెరిచే ఉంటుంది. గడియ ఉండాల్సిన చోట నాలుగు మేకు కన్నాలున్నాయి. ఆ గడియని ఆమే పీకేసింది. తలుపుకీ అంతే, దగ్గరికి లాగడమే గానీ గొళ్ళెం లేదు. దొంగొస్తే ఏం దొరుకుతుందిలే అని ఇరుగుపొరుగు అనుకుంటారు.

కిటికీ ఎదురుగా నేల మీద చాప వేసుకుని పడుకుంది. గాలి వేడిగానే ఉంది, కానీ ఆడుతోంది. ఆ ఆడటం చాలు ఆమెకి.

కొత్తగా కాపురానికొచ్చిన రోజుల్లో ఆమె ఒక పాతకాలపు పెద్దింట్లో పనికి కుదిరింది. మూరెడు మందం గోడలు, ఎత్తైన మిద్దె. ఆ ఇంటావిడే నేర్పింది, పొద్దెక్కకముందే అన్నీ మూసెయ్యి, రాత్రి చలువ లోపలే ఉండిపోతుంది అని. మూసి చూస్తే నిజమే. బయట చెట్లు కూడా వాడిపోతుంటే లోపల నేల మీద అరికాలు పెడితే జివ్వుమనేది. మంత్రం నేర్చుకున్నట్టు సంబరపడింది. ఆ మంత్రం పట్టుకుని ఇంటికొచ్చింది.

అప్పుడు అత్తగారికి జ్వరం తగ్గి లేవలేకుండా ఉంది. ఇద్దరికీ పొసిగేది కాదు. ఉప్పెక్కువైతే ఒక రోజు, తక్కువైతే రెండు రోజులు సాగేది. కానీ ఆ పొద్దున ఆమె కోపంతో చెయ్యలేదు. ప్రేమతోనే చేసింది. అత్తగారి నీలం గళ్ళ దుప్పటి సర్ది, మంచినీళ్ళు పక్కన పెట్టి, కిటికీ మూసి గడియ వేసింది. అత్తగారు, తియ్యవే, ఊపిరాడటం లేదు, అంది. ఇప్పుడు తీస్తే వేడొస్తుంది అత్తయ్యా, సాయంత్రం తీస్తాలే, అని చెప్పి తలుపు లాగి బయట గొళ్ళెం పెట్టుకుని పనికి పోయింది. మూరెడు గోడల ఇంటికి పనికొచ్చేది రేకుల గదికి పనికిరాదని, రేకు కింద చలువ నిలవదని, మూస్తే అది గది కాదు కుంపటి అవుతుందని ఆమెకి ఎవరూ చెప్పలేదు. వరసలో ఎవరికీ చెప్పాల్సిన అవసరం కూడా రాలేదు. అక్కడ కిటికీలు మూసుకునే తెలివి తక్కువ వాళ్ళు ఎవరూ లేరు.

సాయంత్రం వచ్చి తలుపు తీస్తే అత్తగారు మంచం మీద లేదు. కిటికీ కింద నేల మీద ఉంది. గడియ బిగుసుకుపోయింది, ఆ చేతులకి రాలేదు. వేళ్ళ కొసలకి తుప్పు అంటుకుని ఉంది.

మొగుడు గోడౌన్లో మూటలు మోసేవాడు. వచ్చి చూసి, కూర్చున్నాడు. డాక్టరు వడదెబ్బ అన్నాడు. అందరూ వడదెబ్బే అన్నారు. మొగుడు తర్వాత ఇరవై ఏళ్ళు బతికాడు, ఆ సంగతి ఒక్కసారి ఎత్తలేదు. ఎత్తి ఉంటే, ఒక్క తిట్టు తిట్టి ఉంటే, అక్కడితో పోయేదేమో. ఆ తిట్టు రాలేదు కాబట్టి బాకీగా ఉండిపోయింది. మూసిన ప్రతి కిటికీ వెనకాల ఆమె దానికోసమే చెవి పెట్టి వింటోంది.

కునుకు పట్టబోతుండగా మొహం మీద చెమట తుడుచుకుందామని చెయ్యి ఎత్తింది. వేళ్ళకి నూనె వాసన.

లేచి కూర్చుంది. మళ్ళీ వాసన చూసింది. కొత్త గడియ నూనె. బొటనవేలికీ చూపుడువేలికీ నల్లగా అంటింది కూడా. అంటే గడియని ముట్టుకుంది. ముట్టుకుని ఏం చేసింది? పేలిక కట్టినట్టు గుర్తు తెచ్చుకుందామంటే, నిన్న కట్టింది గుర్తొస్తోంది, మొన్న కట్టింది గుర్తొస్తోంది. ఇవాళ్టిది రావడం లేదు. ముసలమ్మ నవ్వు గుర్తుంది. ఆ తర్వాత టక్‌మని ఒక చప్పుడు గుర్తుంది.

సరేనమ్మా అని నోటితో అంది. నోటి మాట చెయ్యి వినేసిందా?

అది గట్టి మిద్దె ఇల్లని ఆమెకి తెలుసు. గడియ వేసినా ప్రాణానికి ఏం కాదని, ఫ్యాను తిరుగుతుందని, ఆ వీధిలో ఎంతమంది గడియలు వేసుకుని హాయిగా పడుకోవడం లేదని, ఇదంతా తనకి తనే చెప్పుకుంది. మళ్ళీ పడుకుంది. పడుకుంటే రేకులు ఎండకి చిటపటమన్నాయి. ఎప్పుడూ అనేవే. ఇవాళ అవి రేకుల్లా వినబడలేదు. గోళ్ళతో ఇనుము మీద గీరుతున్నట్టు వినబడ్డాయి.

తువ్వాలు తడుపుదామని చూస్తే బిందెలో నీళ్ళు లేవు. కుళాయి సాయంత్రం గానీ రాదు. పొడి తువ్వాలే నెత్తిన వేసుకుని బయటపడింది.

ఆ వేళకి రోడ్డు మీద నరమానవుడు లేడు. కుక్కలు కూడా మురుగుకాలవలో దిగి పడుకున్నాయి. పెద్ద రోడ్డు మీద తారు మెత్తబడి చెప్పులు పట్టుకుంటోంది. అడుగు తీస్తే చెప్పు వెనకే ఉండిపోతోంది. ఆగి తొడుక్కోవడం, మళ్ళీ నడవడం. ఎప్పుడూ గోడ వారన నీడ చూసుకుని నడిచే మనిషి, ఇవాళ అడ్డంగా ఎండలోనే పడి నడిచింది. నీడ చుట్టు తిరుగుడు, అంత వ్యవధి లేదు. సగం దారిలో ఒంటి మీద చెమట ఆగిపోయింది. చల్లబడ్డానేమో అనుకుంది. కాళ్ళు తనవి కానట్టు తేలిపోతున్నాయి. దారంతా పెదాలు కదుపుతూ ఒకే మాట అనుకుంటూ వచ్చింది: వస్తున్నా, వస్తున్నా.

కాంపౌండరు గారి తలుపు తాళం తీసి, తాళంచెవి దానికే వదిలేసి, గదిలోకి పోయింది.

చీకటిగా, చల్లగా ఉంది. ఫ్యాను మెల్లగా తిరుగుతోంది. ముసలమ్మ కళ్ళు తెరిచే ఉన్నాయి. కిటికీ రెక్కకి నీలం గళ్ళ పేలిక కట్టి ఉంది. కొస కిందికి వచ్చి దిండు మీద పడి ఉంది. గడియ వెనక్కి లాగి ఉంది.

నీడమ్మ గోడ పట్టుకుని నిలబడింది.

"ఇదేమిటే, ఇంత ఎండలో? దెయ్యాలు కూడా తిరగవు ఈ వేళ."

"గడియ వేశానేమోనని..."

"వేశావు. తీశావు. మళ్ళీ వేశావు, మళ్ళీ తీశావు. టకటకా ఆడించి ఆడించి ఆఖరికి నీ తోకే కట్టుకుని పోయావు. నేను చూస్తూనే ఉన్నాను. ఏమైందే నీకు పొద్దున?"

నీడమ్మ కిటికీ కింద గోడకి ఆనుకుని కూర్చుంది. నేల చల్లగా ఉంది. అరిచేతులు రెండూ నేలకి ఆనించింది.

"ఊపిరి ఆడుతోందా మామ్మగారూ?"

"ఆడకపోతే నీతో ఇంతసేపు ఎలా వాగుతానే?"

"ఒకసారి ఆ కొస లాగండి."

"ఇప్పుడా?"

"మీ చేతికి వస్తుందో రాదో చూద్దాం. ఒక్కసారి."

"ఇప్పుడు తీస్తే వేడొస్తుందని నువ్వే కదా రోజూ నా ప్రాణం తీస్తావు? సాయంత్రం లాగుతాలే. నువ్వు కాసేపు నడుం వాల్చు."

నీడమ్మ తల గోడకి ఆనించి, చెవి గోడ వైపు తిప్పుకుంది. ఎప్పుడూ వినేటట్టే విన్నది. ఏమీ వినబడలేదు గామోసు, మొహంలో నరాలు సడలాయి.

ముసలమ్మ తన ధోరణిలో తాను చెప్పుకుంటూ పోయింది. పొద్దున అన్న మాట తప్పే, నా నోటికి అదుపు లేదు, మా ఆయన ఉన్నప్పుడూ ఇదే అనేవాడు, అంది. నా అత్త మాత్రం గయ్యాళి, ఆవిడ పోతే నేను ఏడ్చింది ఆర్నెల్లకి కాదు, నాకు కోడలొచ్చాక, అంది. ఈ మాటకైనా నవ్వుతుందేమోనని చూసింది. నవ్వలేదు. నిద్రపోయిందనుకుంది. ఊళ్ళో వాళ్ళందరి ఇళ్ళూ జోకొట్టే మనిషి, ఒక్క పూట పడుకోనీలే అని గొంతు తగ్గించింది. తనకీ కన్ను మూతపడింది.

మెలకువ వచ్చేసరికి రెక్కల సందులోంచి వచ్చే వెలుగు ఎర్రబడింది. రోజూ ఈపాటికి వెంటిలేటర్లు తెరుచుకుని, గాలి కదిలి, గది వెలుతురుగా ఉండేది.

"ఏమే, లే. పొద్దుపోయింది," అంది. "నీ ఇళ్ళన్నీ మూసే ఉన్నాయే. లే."

నీడమ్మ ఉన్నచోటే ఉంది. చేతులు నేలకి ఆనించే ఉన్నాయి. తువ్వాలు జారి ఒళ్ళో పడింది. ముసలమ్మ మంచం అంచున చెయ్యి కిందికి చాచింది. అందలేదు. ఇంకోసారి పిలిచింది, ఈసారి అమ్మా అని పిలిచింది. ఆ పిలుపుకీ పలకకపోయేసరికి చెయ్యి వెనక్కి తీసుకుని దిండు మీద తడుముకుంది.

కొస దొరికింది. లాగింది.

గట్టిగా లాగాలనుకుంది గానీ అవసరం లేకపోయింది. ముడి వెన్నలా జారింది. రెక్క తనంత తానే బయటికి వాలింది. వీధిలో అప్పుడే మొదలైన చల్లగాలి గదిలోకి వచ్చి, గోడ వారన కూర్చున్న మనిషి జుట్టు కదిపింది. ముసలమ్మ ఉన్న గొంతంతా పెట్టి పక్కింటి బేకరీ మనిషిని పిలిచింది.

పిడుగు పడ్డా లేవనివాడు ఆ పిలుపుకి లేచాడు. చెప్పులు లేకుండా పరిగెత్తుకొచ్చాడు. తాళంచెవి తలుపుకే వేలాడుతోంది. లోపలికొచ్చి, పిన్నీ అని భుజం పట్టుకోబోయి, ఆగి, మోకాళ్ళ మీద కూర్చుని, తన చెవిని ఆమె మొహం దగ్గరికి తీసుకుపోయాడు. చాలాసేపు విన్నాడు. ఏమీ వినబడలేదు.

ఆ సాయంత్రం వీధిలో ఎవరి ఇల్లు వాళ్ళే తెరుచుకున్నారు. పనినుంచి వచ్చినవాళ్ళు చీకట్లో తడుముకుంటూ కిటికీ దగ్గరికి పోయి, ఎలా తియ్యాలో తెలియక, కిందికి వేలాడుతున్న కొస ఒకటి చేతికి తగిలితే లాగారు.

రెండు రోజులకి కాంపౌండరు గారి భార్య గది సర్దుతూ, ఇక గడియే వేద్దామని, ఆ పేలిక తీసెయ్యబోయింది. ముసలమ్మ దాన్ని గుప్పిట్లో పట్టుకుని వదల్లేదు. ఉండనీ అంది. ఇప్పటికీ ఆ కిటికీకి స్టీలు గడియ తళతళలాడుతూ ఉంటుంది, ఎవరూ వేసింది లేదు. దాని పక్కన ముడి లేని నీలం గళ్ళ పేలిక, ఒక కొస ఊచ మీదా, ఇంకో కొస దిండు మీదా.